దయ నేర్పాలంటే డబ్బా తిప్పకండి

ఏడుస్తున్న పిల్లల ఫొటో చూపించడం, క్లాసులో డబ్బా తిప్పడం, ఎక్కువ వేసినవాళ్లకు స్టేజీ మీద సర్టిఫికెట్ ఇవ్వడం మానండి. సౌదీలో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం ఎలాగూ నేరమే. దేశం బయటికి వెళ్లే సాయం 2015లో ఏర్పడిన కింగ్ సల్మాన్ మానవతా సహాయ కేంద్రం ద్వారానే వెళ్లాలి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియా భూకంపానికీ, అదే ఏడు నవంబరులో గాజాకూ ఆ కేంద్రం ‘సాహెమ్’ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా విరాళాలు తీసుకుంది. ఇంట్లో కూర్చుని ఫోన్లో ఇవ్వొచ్చు. ఎంత ఇచ్చారో పక్కింటికీ తెలియక్కర్లేదు, క్లాసుకు అసలే తెలియక్కర్లేదు.

ఇక మిగతా సలహాలు కొందరికి తలకిందులుగా కనిపిస్తాయి. అయినా చెబుతాను.

‘నువ్వెంత అదృష్టవంతుడివో చూడు’ అని పిల్లవాడితో అనకండి. అవతలి పిల్లల కష్టాన్ని తన సుఖానికి కొలబద్దగా వాడుకోవడం అలాగే మొదలవుతుంది. అన్నం వదిలేస్తే అన్నం గురించే మాట్లాడండి, ఆఫ్రికాను మధ్యలోకి తేకండి.

దూరదేశాల కంటే ముందు స్కూలు బస్సు డ్రైవరు దగ్గర మొదలుపెట్టండి. రియాద్‌లో, దమ్మామ్‌లో, జుబైల్‌లో బస్సు నడిపేవాళ్లలో, కాంపౌండు ఊడ్చేవాళ్లలో, బకాలా (కిరాణా కొట్టు) నుంచి నీళ్లు మోసుకొచ్చేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, రాయచోటి వైపు వాళ్లు ఉంటారు. ఇక్కడ పెరిగే మన పిల్లలకు, ఊళ్లో ఉండిపోయిన వాళ్ల పిల్లలు కూడా పరదేశంలో ఉన్నవాళ్లే. ‘అంకుల్, మీ పాప ఏ క్లాసు?’ అని మీ అమ్మాయిని అడగనివ్వండి. ఇంటికొచ్చాక తను మిమ్మల్ని అడుగుతుంది: ఆ పాప ఇక్కడెందుకు లేదు?

ఆ ప్రశ్న దాటవేయకండి. కాగితం తీసుకుని లెక్క వేయండి. కూలి పని ఇకామా (నివాస అనుమతి) మీద వచ్చినవాళ్లకు సాధారణంగా కుటుంబ వీసా దొరకదు. దొరికినవాళ్లకు కూడా 2017 జులైలో మనిషికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలైంది. ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ దెబ్బకు ఓ మోస్తరు జీతగాళ్లే పెళ్లాం పిల్లల్ని ఊరికి పంపేశారు. ఈ లెక్క అర్థమైన పదేళ్ల పిల్లకు కోపం వస్తుంది. రానివ్వండి, చల్లార్చబోకండి. జాలి కంటే ఆ కోపమే ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం.

పొట్టి అయిన బట్టలు, విరిగిన బొమ్మలు మూటగట్టి ఇస్తే మీ అల్మారా ఖాళీ అవుతుంది, అంతే. సెలవు మీద ఊరెళ్లేవాళ్ల అట్టపెట్టెలో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. ఆ డ్రైవరు పాపకు ఏం కావాలో అడిగి, అది కొత్తది కొనివ్వండి. ఆయన వద్దంటే ఊరుకోండి. మీ పిల్ల దాన్ని కూడా చూడాలి. మీ పిల్లే తన డబ్బులు ఇవ్వనంటే అప్పుడూ బలవంతపెట్టకండి. నలుగురిలో సిగ్గుకు ఇచ్చిన పిల్లలు ఆ నలుగురూ లేనిచోట ఇవ్వరు.

డబ్బు అక్కర్లేని పనీ ఒకటుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్ కార్మికుల కోసం ఇచ్చిన ఉత్తర్వులో, ఇక్కడ చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయంతో పాటు, కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రవేశాల మాట కూడా ఉంది. పొద్దంతా పనిచేసి క్యాంపుకు చేరే మనిషికి దాన్ని వెతికి చదివే తీరిక ఎక్కడిది? తొమ్మిదో తరగతి పిల్ల చదవగలదు. ఎవరికి వర్తిస్తుందో, ఏ కాగితాలు కావాలో కనుక్కుని తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వగలదు. తెలుగు రాయడం రాకపోతే అమ్మమ్మకు ఫోన్ చేసి అడుగుతుంది. శుక్రవారం సెలవే కాబట్టి ఈ వారమే కూర్చోబెట్టండి.