ఎట్రిక్ గుట్ట మీది గొర్రెల దొడ్డి ఆత్మకథ

ఈ కథ చెప్పుకునేది స్కాట్లాండు దక్షిణ సరిహద్దున, ఎట్రిక్ లోయ పైవాలులో ఉన్న గుండ్రటి రాతి దొడ్డి. అక్కడి కాపరులకు ఇది స్టెల్. కప్పు లేదు, సున్నం లేదు, అడుసు కూడా లేదు. అదే గుట్టలో దొరికే గ్రేవాక్ రాయిని లోపలొకటి, బయటొకటి రెండు వరసలుగా పేర్చి, నడుమ చిల్లరాళ్లు కూరారు. వరసలు విడిపోకుండా అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లు అడ్డంగా వేశారు. అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. రాయి బరువే గోడను నిలబెడుతుంది.

గుండ్రంగా కట్టడానికి కారణం మంచు. నలుచదరపు దొడ్డిలో మంద ఒక మూలకు ఒదుగుతుంది, గాలికి కొట్టుకొచ్చే మంచూ ఆ మూలనే మేట వేస్తుంది. జీవాలు కిందపడి ఊపిరాడక పోతాయి. గుండ్రటి గోడనైతే గాలి చుట్టుకుని పోతుంది, మంచు చాలావరకు బయటే ఆగుతుంది. 1794 జనవరిలో ఒక్క రాత్రి తుపానుకు 17 మంది కాపరులు బలయ్యారని, ఈ లోయలోనే గొర్రెలు కాచి కవి అయిన జేమ్స్ హాగ్ రాశాడు. 1822లో లార్డ్ నేపియర్ కొండ గొర్రెల పెంపకం మీద పుస్తకం వేసి, ఇలాంటి దొడ్లు కట్టమని గట్టిగా చెప్పాడు. ఆయనే తర్వాత బ్రిటిష్ వ్యాపార అధికారిగా చైనా వెళ్లి 1834లో మకావులో చనిపోయాడు. అక్కడి దౌత్యం ఫలించలేదు గానీ ఇక్కడి గోడలు నిలిచాయి.

దొడ్డి చూసినవాటిలో చెప్పదగ్గది ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలు ఈనే కాలం. పిల్ల చచ్చిన తల్లికి, తల్లి లేని పిల్లను అంటగట్టాలి. కాపరి చచ్చిన పిల్ల తోలు ఒలిచి, కాళ్ల దగ్గర రంధ్రాలు చేసి, అనాథ పిల్లకు చొక్కాలా తొడుగుతాడు. గొర్రె తోక దగ్గర వాసన చూస్తుంది, కాలితో నేలను తడుతుంది, చివరికి పొదుగు ఇస్తుంది. రెండు మూడు రోజులకు తోలు తీసేస్తారు.

పై గుట్టల్లో కంచెలు తక్కువ. తమ మేత నేల ఎంతవరకో పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది. 2001లో గాలికుంటు సోకి దక్షిణ స్కాట్లాండులో మందలకు మందలే చంపేసినప్పుడు చాలాచోట్ల ఆ ఎరుకా పోయింది. సంతలో కొన్న గొర్రెకు గుట్ట తెలియదు.

చుట్టుపక్కల గుట్టలు చాలావరకు సిట్కా స్ప్రూస్ తోటల పాలయ్యాయి. కొన్ని స్టెల్‌లు చెట్ల నడుమ పనిలేక మిగిలాయి. ఈ దొడ్డికి మాత్రం ఇంకా పని ఉంది. మంచు కరిగాక ఉబ్బి కూలిన గోడను, పడిన రాళ్లతోనే మళ్లీ పేరుస్తారు.