‘బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చులే’

మనవాళ్లెవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇన్సూరెన్సు గురించి చుట్టుపక్కల నుంచి వచ్చే సలహాలకు లెక్క ఉండదు. చెప్పేవాళ్లు మన మేలు కోరేవాళ్లే. అయినా వాటిలో కొన్ని వింటే క్లెయిము చేతిదాకా వచ్చి పోతుంది. అలాంటివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను, దయచేసి పాటించకండి.

‘బిల్లు లేకుండా తీసుకుంటే మందులు తక్కువకిస్తాడు.’ ఇస్తాడేమో గానీ, తెల్ల చీటీ మీద వేసిచ్చిన లెక్కకు కంపెనీ పైసా ఇవ్వదు. రోగి పేరు, డాక్టరు పేరు, తేదీ, బిల్లు నంబరు, మందుల బ్యాచి నంబర్లు ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. డాక్టరు రాసిన చీటీని దానికి జతచేయండి. ఆసుపత్రిలో చేరకముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజులు అదే జబ్బుకు పెట్టిన ఖర్చు కూడా చాలా పాలసీల్లో వస్తుంది. చేరకముందు తీయించిన స్కానింగు బిల్లు పారేసుకుని బాధపడేవాళ్లు ఎందరో.

‘ఫైనల్ బిల్లు వచ్చిందిగా, అడ్వాన్సు రసీదులెందుకు?’ ఎందుకంటే ఎంతయిందో బిల్లు చెబుతుంది, మీరు కట్టారని రసీదు చెబుతుంది. రెండూ కావాలి. ‘ప్యాకేజీ’ అని ఒక్క ముక్కలో రాసిస్తే ఒప్పుకోకండి, దేనికెంతో విడివిడిగా రాయించండి. స్టెంటు గానీ కంటి లెన్సు గానీ వేస్తే దాని డబ్బా మీది స్టిక్కరు కూడా అడగాలి.

‘రసీదు చెరిగిపోకుండా లామినేషన్ చేయించు.’ ఇది జాగ్రత్తపరులు ఇచ్చే సలహా, అందుకే ఇంకా బాధ. కౌంటరు మెషిన్లోంచి వచ్చే నున్నటి చీటీలో సిరా ఉండదు. వేడి తగిలిన చోట కాగితమే నల్లబడి అక్షరమవుతుంది. లామినేషన్ మెషిన్లో పెడితే ఆ వేడికి చీటీ మొత్తం నల్లబడిపోతుంది. అలాగే వదిలేసినా కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. ఆ రోజే ఫోన్లో ఫొటో తీయండి, జిరాక్సు తీయించి అసలుదానికి పిన్ను కొట్టండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇంకొకటుంది: ‘షుగరు, బీపీ ఉన్నాయని డాక్టరుకు చెప్పకు, క్లెయిము రాదు.’ మత్తు ఇచ్చే డాక్టరుకు తెలియకపోతే పోయేది క్లెయిము కాదు, ప్రాణం. తప్పక చెప్పండి, కాకపోతే సరిగ్గా చెప్పండి. అర్ధరాత్రి చేర్పించేటప్పుడు డ్యూటీ డాక్టరు ‘షుగరు ఎన్నాళ్లుగా?’ అని అడిగితే, కంగారులో ఉన్న కొడుకు ‘పదేళ్లయి ఉంటుందండీ’ అంటాడు. అది కేస్‌షీట్లోకి, అక్కణ్నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. పాలసీ తీసుకుని నాలుగేళ్లే, షుగరు బయటపడి రెండేళ్లే. కంపెనీ మాత్రం ఆ పదేళ్లు చూసి, జబ్బు దాచి పాలసీ తీసుకున్నారంటుంది. అందుకే జబ్బు మొదటిసారి బయటపడిన నాటి రక్తపరీక్ష కాగితం ఎన్నేళ్లయినా పారేయకండి. డిశ్చార్జి సమ్మరీని గుమ్మం దాటకముందే పూర్తిగా చదవండి. పేరు, తేదీలు, పాత జబ్బుల వివరాల్లో తప్పుంటే ఆ రిపోర్టు చూపించి అక్కడే దిద్దించి డాక్టరు సంతకం, సీలు వేయించుకోండి. క్లెయిము పెట్టాక దిద్దించినదాన్ని కంపెనీ అనుమానంగానే చూస్తుంది. నిజాన్ని మార్చి రాయమని మాత్రం అడగొద్దు, అది మోసం.

పాత పాలసీ కాగితాలు కూడా దండగ కావు. 2024లో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) నిబంధనల ప్రకారం, ఆరోగ్య పాలసీ 60 నెలలు తెగకుండా నడిస్తే, మోసమని రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిము కాదనడానికి లేదు. తెగకుండా నడిచిందని చూపించేవి ఆ రెన్యువల్ కాగితాలే.

‘ఒరిజినల్స్ బీరువాలో ఉన్నాయిగా, చాలు.’ చాలవు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచినప్పుడు బీరువాల్లోని కాగితాలూ తడిసిపోయాయి. ఫొటోలు మీ మెయిల్‌కు పంపుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. ఒరిజినల్స్ కంపెనీకి ఇచ్చేముందు పూర్తి సెట్టు జిరాక్సు తీసి, అందినట్టు సంతకమో కొరియర్ రసీదో తీసుకోండి.

చివరిది, ‘కంపెనీ కాదన్నాక ఇక చేసేదేముంది?’ చాలా ఉంది. ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబిచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. అందుకని ఆ ఉత్తరాన్ని కోపంతో చింపేయకండి, తేదీతో సహా ఫైల్లో పెట్టండి.