రెంజల్ చెరకు బండిని

నా మీదికెక్కి దూకని పిల్లలు ఈ పార్కులో లేరు. నగరం అంచున ఉన్న ఈ పార్కులోనే జంతువుల దొడ్డి ఒకటి పెట్టారు. మేకపిల్లలకు గడ్డి తినిపించొచ్చు, కుందేళ్లను ఒళ్లో పెట్టుకోవచ్చు, కోళ్ల వెంట పరుగెత్తొచ్చు. లండన్ జూలో పిల్లల కోసం ఇలాంటి చోటు 1938లోనే తెరిచారని, బడి పిల్లలను తీసుకొచ్చిన పంతులు ఒకాయన చెబుతుంటే విన్నాను. పాలిచ్చే జీవాన్ని పట్నం పిల్లలు చేత్తో ముట్టుకోవాలన్న ఆలోచన నాకూ నచ్చింది. కాని నన్ను మాత్రం ఫోటో దిగడానికే నిలబెట్టారు.

మాది నిజామాబాద్ జిల్లా రెంజల్. మంజీర వచ్చి గోదావరిలో కలిసే కందకుర్తి మా మండలమే. ఊరి వడ్లాయన తుమ్మకర్రతో నా చక్రాలు చేశాడు. పిడకల మంటలో ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగి, దాని మీద నీళ్లు గుమ్మరించాడు. ఇనుము ముడుచుకొని కర్రను బిగబట్టింది. నా బలమంతా ఆ పట్టుదే.

నిజాంసాగర్ డ్యాం 1931లో పూర్తయింది. దాని కాలువ నీళ్లతో మా వైపు చెరకు విరగపండింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. ఆ పేరులో మా బండ్లకూ వాటా ఉంది. చెరకు నరికాక ఆగే పంట కాదు. ఎండలో పడి ఉన్నకొద్దీ గడ బరువు తగ్గుతుంది, లోపలి తీపీ తగ్గుతుంది. అందుకే పొద్దున కొట్టిన చెరకు ఆ సాయంత్రానికే నా మీద గట్టులా పేర్చేవాళ్లు. టన్నుకు తక్కువ ఎన్నడూ మోయలేదు నేను.

చలికాలం రాత్రుళ్లు ఫ్యాక్టరీ గేటు బయట బండ్ల బారు కనుచూపు మేర ఉండేది. ఎడ్లను విప్పి చెరకు కొసల ఆకు వేసేవాళ్లు. మా రైతు నా కిందే గొంగడి పరుచుకొని ముడుచుకు పడుకునేవాడు. మరిగే రసం వాసన గాలి నిండా ఉండేది. తెల్లారగట్ల మా వంతు వచ్చి కాంటా మీదికి ఎక్కుతుంటే ఇరుసు కిర్రుమనకూడదు. కిర్రుమంటే ఆయన నలుగురిలో తలెత్తుకోలేకపోయేవాడు. కందెన గొట్టం ఎప్పుడూ నాకే వేలాడుతూ ఉండేది. ఆముదంలో కాలిన వరిగడ్డి మసి కలిపి, చక్రం నడిమి కుండలోకి వేలితో అద్దేవాడు. ఆ వేలు నాకింకా గుర్తే.

ట్రాక్టర్లు వచ్చాయి. ఒక్క ట్రాలీ మా నాలుగైదు బండ్ల చెరకు పట్టుకుపోయేది. ట్రాక్టరు మీద నాకు కోపం లేదు, అది చేసేదీ మోతపనే. నా బాధంతా, పని లేదు కదా అని వానకు వదిలేసిన చేతుల మీద. కొట్టం వెనక గోడకు నన్ను ఆనించారు. మొదటి ఏడు తాటాకులు కప్పారు. మరుసటేడు అదీ లేదు. ఇరుసు కడచీల ఎవరో పీక్కుపోయి గేదె కట్టుగొయ్యకు దిగ్గొట్టారు. ఇంట్లో పెళ్లయితే నా కాడిని నరికి నీళ్లకాగు కింద పెట్టారు. ఎన్ని జతల ఎడ్ల మెడలు ఆనిన కాడి అది! నొగల్లో చెద పట్టింది. ఎండకు కర్ర చిక్కి ఇనుప పట్టా వదులైంది. చూసి ఒక్క బకెట్ నీళ్లు పోసినవాళ్లు లేరు.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మా ఊరి మడుల్లో చెరకు తగ్గి వరి పెరిగింది. కాంటా దగ్గర రాత్రంతా మేలుకున్న రైతుల బిడ్డలకు ఆ దారి పనే లేకుండా పోయింది. తర్వాత పాత సామాను కొనేవాళ్లు నన్ను లారీ ఎక్కించారు.

ఇక్కడ నాకు ఎర్రరంగు, పచ్చరంగు వేశారు. కుండ నోరు కూడా రంగుతో మూసుకుపోయింది. పిల్లలు ఊపితే కదలకుండా రెండు చక్రాలనూ సిమెంటులో పాతారు. ముందు సిమెంటు ఎద్దులు రెండు.

మొన్న ఒక పెద్దాయన మనవరాలితో వచ్చాడు. ఆమె ఎక్కబోతుంటే ఆపి, చేయి పట్టుకొని కుండ దగ్గరకు తెచ్చాడు.

“గీడ కందెన వెడ్తరు బిడ్డా. లేకపోతే ఇరుసు అరుగుతది.”

“మరి ఇది ఎక్కడికి పోతుండె తాతా?”

“బోధన్ ఫ్యాక్టరీకి. నువ్వు చాయల వేసుకునే చక్కెర కోసం.”

ఆ పిల్ల రంగు మీద గోరుతో గీకి చూసింది. కింద తుమ్మకర్ర నల్లగా బయటపడింది. ఇక్కడికి వచ్చాక నన్ను చూసింది ఆ పిల్లే.

పార్కువాళ్లూ, నా మాట వినండి. ఆ సిమెంటు పగలగొట్టండి. కుండలో రంగు గీకేసి కందెన పెట్టండి, వదులైన పట్టా మళ్లీ కాల్చి బిగించండి. చెరకు టన్ను నేనిక మోయలేను. మేకలకు వేసే పచ్చిగడ్డి మోపులు మోస్తాను. పొద్దునపూట పిల్లల్ని నొగలు పట్టుకొని లాగనివ్వండి, దొడ్డి దాకా వస్తాను.