ఎర్ర సాక్సు

ఐదేళ్ళ కూతురికి ఇంట్లో డ్రిబ్లింగ్ నేర్పబోయి, దానికి బంతంటేనే భయం పుట్టించాను. ఈ సంగతి నేను రాయకపోతే ఎవరికీ తెలియదు. అయినా రాస్తున్నాను. ఈమధ్య ఏ అపార్టుమెంటుకు వెళ్ళినా కారిడార్లో ఒక బంతి, దాని వెనక ఒక పాపో బాబో, ఆ వెనక ఫోను పట్టుకుని నిలబడ్డ ఒక నాన్న కనిపిస్తున్నారు. ఆ నాన్న మొహంలో ఉన్న పట్టుదల నాకు బాగా తెలుసు. అది చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

వానాకాలం. కింద పార్కింగంతా కార్లు, నీళ్ళు. ఆడుకోవడానికి పిల్లకు మిగిలింది మా హాలే. "నాన్నా, నాకు బంతి కొనవా?" అని అడిగింది. అడిగింది బంతి మాత్రమే. నేను మాత్రం తనను ఫుట్‌బాల్ క్రీడాకారిణిని చేయమని అడిగినట్టు విన్నాను.

తప్పు దుకాణంలోనే మొదలైంది. షాపతను చిన్న బంతి చూపించాడు. "ఎలాగూ పెరిగే పిల్లే కదా" అని పెద్దది తీసుకున్నాను. గౌనులు, చెప్పులు ఒక సైజు పెద్దవి కొనే అలవాటు మనకు ఎక్కడికీ పోదు. పెద్దవాళ్ళు ఆడే సైజు 5 బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. నేల మీద పెడితే అది మా పాప మోకాలికి కాస్త కిందిదాకా వచ్చింది. దాని మీద పాదం ఆనించాలంటే పిల్ల తుంటి దగ్గర్నుంచీ కాలెత్తాలి, అలా ఎత్తగానే ఒళ్ళు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆ వయసు పిల్లలకు సరిపోయేది సైజు 3. దాని చుట్టుకొలత 60 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, బరువూ బాగా తక్కువ. ఈ తేడా తెలుసుకోవడం అంత కష్టమేమీ కాదు. తెలుసుకోవాలని నాకు తోచలేదు.

హాల్లో స్టీలు గ్లాసులు వరసగా పేర్చాను. వాటి మధ్యనుంచి బంతి పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. ముందు పాదాల లోపలి వైపుతో కుడి ఎడమలకు తట్టడం, తర్వాత బంతి మీద మునివేళ్ళు మార్చి మార్చి ఆనించడం, ఆపైన అరికాలితో బంతిని పక్కకు దొర్లించడం. వీడియోల్లో చూసి రాసుకున్న వరస అది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. నిన్నటికన్నా ఈరోజు తొందరగా రావాలి.

అప్పుడే నాకు కనిపించి ఉండాల్సింది ఒకటుంది. బంతిని తాకిన ప్రతిసారీ పాప తలెత్తి నా మొహం చూసేది. బంతి ఎటు దొర్లిందో చూసేది కాదు. "కరెక్టేనా నాన్నా?" అనేది. డ్రిబ్లింగంటే బంతితో కాలికి కుదిరే చనువు. తట్టితే ఎంత దూరం పోతుందో కాలికే తెలియాలి, మళ్ళీ అందుకోవడం కాలికే తట్టాలి. మా పాప కాలు నేర్చుకోవాల్సినదాన్ని నేను నా కనుబొమల దగ్గరికి తెచ్చి పెట్టాను.

ఇంతలో రహీం గారి కథ నా తలకెక్కింది. 2024లో 'మైదాన్' సినిమా చూశాక ఆయన గురించి దొరికినంతా చదివాను. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు మనిషి, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. ఇక్కడి ఆటగాళ్ళకు ఆయన వింత వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఈ ఊళ్ళో పుట్టిన విద్యను ఈ ఊళ్ళోనే నా కూతురికి అందిస్తున్నానన్న గర్వం కమ్మేసింది.

రహీం గారి ముందు నిలబడ్డవాళ్ళు ఎవరు? గల్లీల్లో, ఖాళీ జాగాల్లో చిన్నప్పట్నుంచీ బంతితో పొర్లాడి వచ్చిన కుర్రాళ్ళు. డ్రిబ్లింగ్ వాళ్ళకు ఎంత వచ్చంటే, బంతి దొరికితే వదలరు. అందుకని ఆయన అడ్డుకట్ట వేశారు. ఒక కాలు అప్పటికే ఆరితేరింది కాబట్టి రెండోదాన్ని పనిలో పెట్టారు. కడుపు నిండినవాళ్ళకు ఆయన చెప్పిన పథ్యాన్ని నేను ఆకలితో ఉన్న పిల్లకు పెట్టాను. ఆయన గొప్పతనంలో నాకు అర్థమైంది నియమం మాత్రమే. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అన్నది వదిలేశాను.

ఆదివారాలు పాప ఎడమకాలితోనే ఆడాలన్నాను. గుర్తుండాలని కుడికాలికి ఎర్ర సాక్సు తొడిగాను. "ఎర్రకాలు బంతిని తాకకూడదు" అని చెప్పాను. నున్నటి టైల్స్ మీద ఒక కాలికి సాక్సు, ఒక కాలు ఖాళీ. ఖాళీ పాదం నేలను పట్టుకుంటుంది, సాక్సు కాలు జారుతుంది. ఎడమకాలు బంతి మీదికి లేచినప్పుడు ఒంటి బరువంతా మోయాల్సింది ఆ జారే కాలే. ఈ మాత్రం ఆలోచన కూడా నాకు రాలేదు. మూడో గ్లాసు దగ్గర పాప జారి బోర్లా పడింది. కింది పెదవి పంటికి తగిలి చిట్లింది, గౌను మీద రక్తం. ఎత్తుకోవడానికి వంగాను. అది ఏడవడానికి ముందు అన్న మాట ఇది: "సారీ నాన్నా, ఎర్రకాలు తగిలింది."

పెదవి తొందరగానే మానింది. కానీ ఆ తర్వాత బంతి అంటే చాలు "కాలు నొప్పి" అనేది. ఒకసారి బంతి కనపడకపోతే వెతికాం. వాషింగ్ మెషిన్ వెనక, గోడకు ఆనించి, మీద ఒక తువ్వాలు కప్పి ఉంది. మా ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. బంతిని తీసి బాల్కనీలో పెట్టేసింది. నేను గ్లాసులు వంటింటికి చేర్చాను.

ఆటను మళ్ళీ ఇంట్లోకి తెచ్చింది మా అమ్మ. పాత సాక్సులో చిరిగిన జుబ్బా గుడ్డలు కుక్కి, మూతి కుట్టి పిల్లకిచ్చింది. బ్రెజిల్లోని బౌరు ఊళ్ళో పెలే చిన్నప్పుడు గుడ్డలు కుక్కిన మేజోడుతో ఆడాడని చదివిన నేను అలాంటిది చేయలేదు. పెలే ఎవరో సరిగ్గా తెలియని మా అమ్మ చేసింది. ఆ బంతి ఎగరదు, దూరం పోదు, చప్పుడూ చేయదు.

పాప దాన్ని మెట్రో రైలు చేసుకుంది. ఉప్పల్లో బయల్దేరి డైనింగ్ టేబులు కాళ్ళ మధ్యనుంచి, షూ ర్యాకు పక్కనుంచి కాళ్ళతో తోసుకుంటూ పోవడం. "తదుపరి స్టేషన్ తార్నాక" అని ప్రకటన. స్టేషన్ రాగానే బంతి మీద అరికాలు పెట్టి టక్కున ఆపడం. "నానమ్మా, తలుపులు తెరుచుకున్నాయి, ఎక్కు." మా అమ్మ సోఫాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే కాళ్ళు కొంచెం జరిపి "ఎక్కానే తల్లీ, పోనీ" అనేది. మెట్టుగూడ దగ్గర కుర్చీ అడ్డొస్తే అరికాలితో బంతిని వెనక్కి లాగి ఇటు తిప్పేది. ఎడమ పక్క గోడ ఉంటే కుడికాలు, కుడి పక్క సోఫా ఉంటే ఎడమకాలు. ఏ కాలో ఎవరూ చెప్పలేదు. ఆపడం, లాగడం, తిప్పడం, తలెత్తి ముందు ఏముందో చూడడం, నేను స్టాప్‌వాచ్ పెట్టి రాబట్టలేకపోయినవన్నీ ఆ రైల్లో ఉన్నాయి. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. పాప నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అంతకన్నా సంతోషం నాకు ఆ ఏడాది మరొకటి లేదు.

ఇరుకు చోటు ఆటకు శత్రువని అనుకునేవాణ్ణి. అదీ పొరపాటే. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు వైఎమ్‌సీఏ కుర్రాళ్ళ కోసం కప్పు కింద ఆడే ఫుట్‌బాల్ తయారుచేశాడు. ఈరోజు ఫుట్సాల్ అంటున్నది దాన్నే. బాస్కెట్‌బాల్ కోర్టంత స్థలం చాలు. దాని బంతి ఉద్దేశపూర్వకంగానే మందకొడిది. రెండు మీటర్ల ఎత్తునుంచి వదిలితే మొదటిసారి 65 సెంటీమీటర్లకు మించి ఎగరకూడదని నియమం. బంతి కాలి దగ్గరే ఉంటుంది కాబట్టి అరికాలికి పని ఎక్కువ. మా అమ్మ సాక్సు బంతి తెలియకుండానే ఆ పనే చేసింది.

పిల్లలకు పద్ధతిగా నేర్పడం దండగని నేననను. పదేళ్ళు దాటాక, అడిగి మరీ నేర్చుకునే పిల్లకు గ్లాసుల వరసా కావాలి, ఎడమకాలి సాధనా కావాలి. మంచి కోచ్ దొరికితే అదృష్టం. ఐదేళ్ళప్పుడు మాత్రం బంతి పిల్లది. దాన్ని నేను లాక్కున్నాను. అందుకు నా బిడ్డకు క్షమాపణ చెప్పాను కూడా. "ఎందుకు నాన్నా?" అంది. అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

చిన్నపిల్లలున్న నాన్నలకు, అమ్మలకు నా మనవి. సైజు 3 బంతి కొనండి, గాలి కొంచెం తక్కువగా ఉండనివ్వండి, లేదా పాత సాక్సులో గుడ్డలు కుక్కండి. టైల్స్ మీద సాక్సులు వద్దు, ఉత్త కాళ్ళతో ఆడనివ్వండి. గాజు టీపాయ్ పక్కకు జరపండి. గట్టి బంతైతే కింది ఫ్లాటువాళ్ళు పడుకునే వేళ తప్పించండి. పిల్ల చాలు అనగానే ఆపెయ్యండి. మిమ్మల్ని రైలెక్కమంటే ఎక్కండి. స్టాప్‌వాచ్ మాత్రం దయచేసి పెట్టకండి.