తాళంకప్పల పెద్దాయన

రిటైరయ్యాక కొందరికి భక్తి పుడుతుంది, కొందరికి షుగరు వస్తుంది. ఈయనకి తాళంకప్పలు పట్టుకున్నాయి. ఊరికొకరైనా ఉంటారు ఈ రకం. చెవి పెట్టి తిప్పే కప్పలంటే ఈయనకి చిన్నచూపు. "చెవి ఉంటే ఎవడైనా తీస్తాడండీ, అందులో మన ప్రతిభేముంది?" అంటాడు. ఈయన వెతికేవి చెవి లేని పాత ఇత్తడి కప్పలు. వరసగా మూడో నాలుగో చక్రాలు, వాటిమీద చెక్కిన అక్షరాలో అంకెలో ఉండాలి. అవన్నీ కుదిరితే తప్ప కొక్కెం ఊడకూడదు. ఆ కుదిరే వరస తెలిసిన మనిషి ఎప్పుడో కాలం చేసి ఉండాలి. అప్పుడే దానికి ఈయన ఇంట్లో ప్రవేశం.

హైదరాబాదులో ఉండే నమూనా అయితే గురువారం పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారులో తేలతాడు. పాత సామాను అమ్మేవాడు కప్పని చేతిలో పెట్టి "నిజాం జమానాది సార్" అంటాడు. ఏ నిజామో వాడు చెప్పడు, ఈయన అడగడు. జేబులోంచి భూతద్దం తీస్తాడు. ముందు చేత్తో ఎత్తి బరువు చూస్తాడు. తర్వాత అక్షరాల అంచులు చూస్తాడు. నిజంగా వాడిన కప్పకి వేలు తగిలే చోట అరుగుదల ఉంటుంది, సందుల్లో నలుపు ఉంటుంది. మందు పూసి ముసలిదాన్ని చేసిన కొత్త కప్ప ఒళ్ళంతా ఒకే రకంగా నల్లబడుతుంది. ఆఖరికి వెనక్కి తిప్పుతాడు. అక్కడ ప్లస్ గుర్తు మర ఒకటి కనబడుతుంది. ఆ రకం మరలు వాడుకలోకి వచ్చింది 1930లలో. "మీ నిజాం గారికి ఈ స్క్రూ ఎవరిచ్చారోయ్?" అని బజారంతా వినబడేలా నవ్వుతాడు. అంతా అయ్యాక, బేరమాడి మరీ దాన్నే కొంటాడు. ఎందుకూ అంటే నకిలీలకి ఇంట్లో వేరే అర ఉంది.

పెళ్ళి భోజనాల్లో ఈయన పక్కన చోటు దొరికితే తప్పించుకోవడం కష్టం. పప్పు వడ్డించేసరికి 1206లో ఉంటాడు. అల్ జజరీ అనే యంత్రాల మేధావి ఆ ఏడు ముగించిన గ్రంథంలో అక్షరాలు తిప్పి తెరిచే పెట్టె తాళం ఉందని చెబుతాడు. పులుసు వచ్చేసరికి చైనా వాళ్ళ గొట్టం తాళాలు, వాటి చక్రాల మీద చైనా అక్షరాలు. పెరుగు దగ్గర 1851 వస్తుంది. లండన్‌లో మహా ప్రదర్శన జరిగిన ఆ ఏడే హాబ్స్ అనే అమెరికావాడు బ్రామా కంపెనీ సవాలు తాళాన్ని తీశాడు. అది అరవై ఏళ్ళుగా దుకాణం కిటికీలో కూర్చుని, తీసినవాడికి 200 గినీలిస్తామని అందరినీ వెక్కిరించిన తాళం. హాబ్స్‌కి అన్ని రోజులూ కలిపి 51 గంటలు పట్టింది. ఈ కథ చెప్పేటప్పుడు పెద్దాయన గొంతులో కాస్త అసూయ ఉంటుంది. చివర్లో "ఎంతైనా అది చెవి తాళమే లెండి" అని హాబ్స్‌ని ఓ మెట్టు దించి చేయి కడుక్కుంటాడు. అలీగఢ్ తాళాల గురించి, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న దిండిగల్ తాళాల గురించి తాంబూలం దగ్గర చెబుతాడు.

అయితే పనిలోకి దిగితే ఈయన వేరే మనిషి. పెదవులు బిగుస్తాయి, మాట ఆగిపోతుంది. ఆ ఇంట్లో వాళ్ళకి దొరికే విశ్రాంతి అదొక్కటే. అంకెలున్న నాలుగు చక్రాల కప్పకి 10,000 వరసలు. ఒక్కోదానికి 5 సెకన్లు వేసుకున్నా దాదాపు 14 గంటలు తిప్పాలి. అలా వరసపెట్టి తిప్పేవాణ్ణి ఈయన మనిషి కింద లెక్కేయడు. లోపల ఒక్కో చక్రానికి ఒక్కో గాడి ఉంటుంది, మధ్య కడ్డీకి పళ్ళుంటాయి. గాడులన్నీ పళ్ళకి ఎదురుగా వస్తే కడ్డీ జారుతుంది. చేత్తో ఆకురాయి పట్టి చేసిన సరుకు కనక చక్రాలన్నీ అచ్చంగా ఒక్కలా ఉండవు. కొక్కేన్ని మెల్లిగా లాగిపడితే ఏదో ఒకటి ముందు బిగుస్తుంది. దాన్ని ఒక్కో అంకె చొప్పున తిప్పాలి. గాడి దొరికినచోట కొక్కెం వెంట్రుకవాసి కదిలి, ఇంకో చక్రం బిగుస్తుంది. గట్టిగా లాగితే అన్నీ పట్టేసుకుంటాయి, వదులుగా లాగితే ఏమీ చెప్పవు. కొన్ని గడుసు కప్పల్లో లోతు తక్కువ దొంగగాడులు కూడా ఉంటాయి. అక్కడ పడి సగం రాత్రి పోగొట్టుకున్నా ఈయన విసుక్కోడు, "భలేవాడయ్యా!" అని ఆ కప్ప చేసి ఏనాడో పోయిన కంచరిని మెచ్చుకుంటాడు.

కప్ప ఊడుతుంది. ఇంట్లో వాళ్ళందర్నీ లేపుతాడు. ఇల్లాలు కళ్ళు నులుముకుంటూ వచ్చి "ఏవండీ, ఇంతకీ దానికింద ఏముందిటా?" అంటుంది. ఏమీ లేదు. ఆ కప్ప కాపలా కాసిన భోషాణం ఏనాడో పొయ్యిలోకి పోయింది. ఈయన టక్కున మళ్ళీ నొక్కేసి, చక్రాలు చెదరగొట్టి, అలమారలో పెడతాడు. తెరిచి ఉన్న కప్పని చూస్తే ఈయనకి నిద్రపట్టదు.

విప్పిన కప్పల అంకెలన్నీ ఓ పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకాన్ని ఓ రేకు పెట్టెలో పెట్టి దానికి అంకెల కప్పే వేశాడు. దాని అంకెలు ఆ పుస్తకంలోనే ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చిన కొడుకు సూట్‌కేసు నంబరు మరిచిపోయి "నాన్నా, కాస్త చూడవూ" అంటే మాత్రం "ప్లాస్టిక్ సరుకు నేను ముట్టుకోను" అని పక్కింటి కుర్రాణ్ణి పిలవమన్నాడు. కుర్రాడు మూడు సున్నాలు పెట్టాడు. వచ్చేసింది.

మీ అటక మీద అలాంటి ఇత్తడి కప్ప ఒకటి పడి ఉంటే దయచేసి రంపం పెట్టి కోయకండి. చింతపండు పెట్టి తోమకండి, దాని వయసంతా ఆ నలుపులోనే ఉంది. కొబ్బరినూనె అసలే పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. మరీ బిగుసుకుంటే కాస్త గ్రాఫైట్ పొడి చల్లండి చాలు. తర్వాత మీ ఊళ్ళో పెద్దాయనకి కబురు పెట్టండి. పైసా తీసుకోడు. కాకపోతే భోజనాల వేళకి పిలవకండి, 1206 నుంచి మొదలెడతాడు.