సెట్ అయితది సార్

మా తోడల్లుడికి మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ ఉంది. అందులో స్విమ్మింగ్ పూల్ ఉంది. నేను పూల్ కట్టించడానికి ఇంతకుమించిన కారణమేదీ లేదు. నడుంనొప్పికి ఈత మంచిదని డాక్టరు అన్నాడనీ, అమెరికా నుంచి మనవలు వస్తే ఆడుకుంటారనీ అందరికీ చెప్పినవన్నీ తర్వాత పుట్టించినవే. నాకు ఈత రాదు. మనవలు వచ్చేది డిసెంబర్లో. అప్పుడు ఆ నీళ్లలో వేలు ముంచడానికే గుండె ధైర్యం కావాలి.

ఎకరా ధర నా జీతానికి అందే రోజుల్లో శంకర్‌పల్లి అవతల ఇరవై గుంటలు కొని పడేశాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యేనాటికి, నేను జీవితంలో చేసిన తెలివైన పని అదొక్కటేనని తేలింది. సగం అమ్మి, మిగతా సగంలో రెండు గదుల ఇల్లు వేసుకున్నాం. అప్పటికీ డబ్బు మిగిలింది, అక్కడే వచ్చింది చిక్కు. తోడల్లుడి పూల్ పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పది. కాబట్టి మాది ఇరవై నాలుగు, పన్నెండు.

కాంట్రాక్టరు మంచి మాటకారి. పూల్స్‌లో రెండు రకాలని విడమరిచి చెప్పాడు. స్కిమ్మర్ రకంలో నీళ్లు గట్టుకి నాలుగైదు అంగుళాల కిందే ఉంటాయి, పైన తేలే చెత్తని గోడలోని కంత లాగేసుకుంటుంది. ఓవర్‌ఫ్లో రకంలో నీళ్లు గట్టుతో సమంగా నిలిచి, నాలుగు పక్కలా పల్చగా పొర్లి, చుట్టూ ఉన్న కాలువలో పడి, బ్యాలెన్స్ ట్యాంకులోకి వెళ్లి, ఫిల్టరు మీదుగా మళ్లీ పూల్‌లోకి వస్తాయి. ఫోటోల్లో అందంగా పడేది ఈ రెండోదే. ఖర్చూ దీనికే ఎక్కువ. తోడల్లుడిది స్కిమ్మరు. ఇంక చర్చేముంది?

ఓవర్‌ఫ్లోకి ఒక షరతుంది. నాలుగు అంచులూ ఒకే మట్టాన ఉండాలి. మేస్త్రీ కంటికి ఆనే మట్టం చాలదు, నీళ్లు ఒప్పుకునే మట్టం కావాలి. ఒక పక్క రెండు మూడు మిల్లీమీటర్లు దిగినా నీళ్లన్నీ అటే దారి చూసుకుంటాయి. దీన్ని చూసుకోవడానికి మన మేస్త్రీల దగ్గర చవకైన, తిరుగులేని సాధనం ఉంది. సన్నటి ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు నింపి రెండు కొసలూ రెండు మూలల పట్టుకుంటే, రెండుచోట్లా నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. ట్యూబు మధ్యలో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. ఉంటే లెక్క తప్పుతుంది.

పడమటి అంచుకి మట్టం పట్టిన రోజున ట్యూబులో వేలెడు పొడవు బుడగ ఉంది. నాకు కనిపించింది. ద్రవాల పీడనం గురించి తరాల తరబడి పిల్లల చెవులు మెలేసినవాణ్ని, కనిపించకుండా ఎలా ఉంటుంది? చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే మేస్త్రీ నా వైపు తిరిగి, "మీరు సదువుకున్నోళ్లు సార్, జర మీరే సూసి చెప్పుండ్రి, మట్టం మంచిగున్నదా?" అన్నాడు. పదవీ విరమణ తర్వాత నన్ను ఎవరూ ఏదీ సరిచూడమని అడగలేదు. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

ప్రారంభోత్సవానికి తోడల్లుడి దంపతుల్ని పిలిచాం. ట్యాంకర్లు వచ్చాయి. మొత్తం ముప్పై ఆరు వేల లీటర్ల పైచిలుకు పట్టింది. కొబ్బరికాయ కొట్టి మోటారు వేశాం. నీళ్లు లేచాయి, లేచాయి, పడమటి అంచు నుంచి ధారగా కారిపోవడం మొదలెట్టాయి. మిగతా మూడు పక్కల కాలువలు ఎండిపోయి ఉన్నాయి. తూర్పు కాలువలో ఒక తొండ తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. తోడల్లుడు చాలాసేపు చూసి, "ఇది కొత్త డిజైనా అన్నయ్యా?" అని అడిగాడు. వెటకారమో అమాయకత్వమో ఆయన మొహంలో ఎన్నడూ తెలియదు. అవునన్నాను.

కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, "నీళ్లు కొత్తయి గద సార్, సెట్ అయితది" అన్నాడు.

నీళ్లు సెట్ కావడమేమిటని నేను అడగలేదు. ఆ ఒక్క మాటా ఆయన అన్నిటికీ వాడేవాడు. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుని టైల్స్ మీద చారలు కట్టినా, దీపాల స్విచ్చి వేస్తే గేటు దగ్గరి లైటు వెలిగినా అదే జవాబు. ఇక డాల్ఫిన్ సంగతి. అడుగున గాజు మొజాయిక్ ముక్కలతో డాల్ఫిన్ బొమ్మ పెట్టించాను. అది షీట్లు షీట్లుగా వస్తుంది, వరస చూసి అతికించాలి. అతికించిన కుర్రాడు జన్మలో డాల్ఫిన్‌ని చూసి ఉండడు. తోక నెత్తిమీదకి వచ్చింది. మా వాచ్‌మన్ దాన్ని చూసి, కొర్రమట్టని మధ్యకి కోశారా అని అడిగాడు. రూపాయి బిళ్లతో కొట్టి చూస్తే టైల్స్‌లో సగం డొల్లగా మోగాయి, అంటే వెనకాల సిమెంటు అందలేదన్నమాట. ఏ టైలు ఏ శ్రుతిలో మోగుతోందో నోట్‌బుక్కులో పటం గీసుకున్నాను. కాంట్రాక్టరుకి మాత్రం చూపించలేదు. నొచ్చుకుంటాడని.

వాళ్ల తప్పులు చూపించడం కన్నా వాటిని అధ్యయనం చేయడం నాకు హాయిగా ఉండేది. మా ఆవిడకి ఇది పెళ్లయిన కొత్తల్లోనే అర్థమైంది. నాకు పూల్ కట్టాక తెలిసింది.

నీళ్లు తగ్గిపోతున్నాయని ముందు పసిగట్టింది కూడా ఆవిడే. కాంట్రాక్టరు ఆవిరన్నాడు. ఎండాకాలం కదా, ఆవిరి ఉండే మాట నిజమే. కానీ ఆవిరెంతో లీకెంతో విడదీయడానికి ఒక పరీక్ష ఉంది. ఒక బకెట్‌లో పూల్ నీళ్లే నింపి, పూల్ మెట్టు మీద పెట్టి, మోటారు ఆపేసి, బకెట్ లోపలా బయటా నీటి మట్టానికి గుర్తు పెట్టాలి. ఒక రోజు ఆగి చూడాలి. ఎండ రెండింటికీ ఒకటే కాబట్టి, బకెట్ కన్నా పూల్ ఎంత ఎక్కువ దిగితే అంతా లీకు. బకెట్ సెంటీమీటరు లోపే దిగింది. పూల్ దానికి పైన రెండు అంగుళాలు దిగింది. ఇరవై నాలుగు బై పన్నెండు అడుగుల పూల్‌లో రెండు అంగుళాలంటే దాదాపు 1,360 లీటర్లు. వారానికి ఒక పదివేల లీటర్ల ట్యాంకరు భూదేవికి అభిషేకం.

కాంట్రాక్టరుని పిలిచి గుర్తులు చూపించాను, గ్రాఫు చూపించాను. ఆయన గ్రాఫు వైపు చూడలేదు. బకెట్‌ని అటూ ఇటూ తిప్పి, "బకెట్ మంచిగున్నది సార్. లీకు లేదు" అన్నాడు.

లీకెక్కడో నేనే పట్టుకున్నాను. నేనంటే, నేను గట్టు మీద నిలబడితే వాచ్‌మన్ దిగాడు. బెండు కట్టుకుని ఊరి బాయిలో ఈత నేర్చినవాడు, నీళ్లలో కళ్లు తెరిచి తిరగగలడు. సిరంజిలో పర్మాంగనేట్ రంగు నింపి ఇచ్చాను. అడుగూ గోడా కలిసే చోట మెల్లగా వదులుతూ పొమ్మన్నాను. బాగున్నచోట రంగు అక్కడే మేఘంగా నిలుస్తుంది, లీకున్నచోట సన్నటి గీతై లోపలికి పీల్చుకుపోతుంది. దక్షిణపు గోడ పొడుగునా పీల్చుకుపోయింది. దీపం గూడు దగ్గర కూడా.

కారణం పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అడుగు కాంక్రీటు ఒక రోజు పోస్తారు, గోడ ఇంకో రోజు. పాతదీ కొత్తదీ కలిసే ఆ కీలు నీటికి రాచబాట. దానికి అడ్డంగా వాటర్ బార్ అని పీవీసీ పట్టీ ఒకటి, సగం పాత కాంక్రీటులో సగం కొత్తదాంట్లో దిగేలా, పెట్టాలి. పైగా మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, కీలుని ఊరికే ఉండనివ్వదు. నీళ్లు నిలిపే కాంక్రీటు కట్టడాల కోసమే ఐఎస్ 3370 అని ఒక ప్రమాణం ఉంది, అదీ చదివేశాను. మా వాటర్ బార్ బిల్లులో ఉంది. గోడలో లేదు. వెతగ్గా వెతగ్గా వాచ్‌మన్ కోళ్లగూటి కప్పు మీద దొరికింది. "మిగిలిందని మేస్త్రీ ఇచ్చిండు సార్, వాన సుక్క దిగుతలేదు" అన్నాడు వాచ్‌మన్, దాని పనితనాన్ని మెచ్చుకుంటూ.

మా స్థలంలో నీళ్లు పట్టి ఉంచిన ఏకైక కట్టడం ఆ కోళ్లగూడు.

ఈ బాధలో ఉన్నవాడు చరిత్ర చదవకూడదు. మొహెంజొదారో మహాస్నానవాటిక పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు. నీళ్లు ఇంకిపోకుండా ఇటుకల వెనక తారు పూత వేశారు. నాలుగు వేల ఏళ్ల పైమాట. అంత దూరం ఎందుకు, మాకు కూతవేటులో గండిపేట చెరువు ఉంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టింది, 1920లో పూర్తయింది, నేటికీ నీళ్లు పట్టే ఉంచుతోంది. ఇదంతా మా ఆవిడకి ఆవేశంగా చెప్పాను. ఆవిడ చిక్కుళ్ల ఈనెలు తీస్తూ, "వాళ్లెవరో దగ్గరుండి కట్టించుకుని ఉంటారు" అంది.

పక్క పొలం ఆసామి మాత్రం సంతోషంగా ఉన్నాడు. వాలు అటే. నడివేసవిలో ఆయన సొరపాదు పందిరి దాటి మా కంచె ఎక్కింది. మంచి మనిషి, వారం వారం సొరకాయలు పంపేవాడు. ట్యాంకరు ధరలెక్కన సొరకాయ ఒక్కొక్కటి ఎంత పడుతోందో మా ఆవిడ అడిగింది. లెక్క కట్టి చెప్పాను. ఆ రోజు కూర వండలేదు.

శ్రావణంలో కాంట్రాక్టరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, పూల్ ఖాళీ చేసి రిపేరు చేస్తానన్నాడు. అప్పుడు మాత్రం నేను అడ్డంపడ్డాను. ముసురు పట్టి నేలంతా నాని ఉంది. అలాంటి భూమిలో తొట్టిని ఖాళీ చేస్తే, కింది నీళ్లు దాన్ని పైకి తోస్తాయి. తొట్టి బరువు చాలకపోతే అది పగలొచ్చు, ఏకంగా తేలనూవచ్చు. "సిమెంటు తొట్టి తేలుతదా సార్?" అని కాంట్రాక్టరు నవ్వాడు, కూలీలూ నవ్వారు. వంటింట్లోంచి స్టీలు గిన్నె తెచ్చాను. బకెట్ నీళ్లలో ఖాళీ గిన్నె తేల్చి చూపించాను, నీళ్లు పోసి ముంచి చూపించాను. అందరూ చుట్టూ చేరారు. ఒక కుర్రాడు, "మరి ఇనుప ఓడ ఎట్ల తేలుతది సార్?" అన్నాడు. అలాంటి ప్రశ్న కోసం సర్వీసంతా ఎదురుచూశాను. ఓడలు చెప్పాను, జలాంతర్గామి చెప్పాను, ఆర్కిమిడీస్ కిరీటం చెప్పాను. రెండుసార్లు టీ ఇప్పించాను. పొద్దుగూకింది. "ఏం చెప్తరు సార్ మీరు!" అని కాంట్రాక్టరు చేతులు జోడించాడు. ఆ రోజు కూలీ నేనిచ్చాను. పని ఏమీ జరగలేదని వాళ్లు వెళ్లాక మా ఆవిడ చెబితే తెలిసింది.

ఆవిడ పట్టుబడితే వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. 2019 చట్టం ప్రకారం లోపభూయిష్టమైన సేవ మీద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు, చట్టం మన వైపే ఉంది. పటాలు వేశాను, బకెట్ పరీక్ష వివరించాను, ఉత్ప్లవన బలానికి సూత్రం రాబట్టాను. వకీలు తిరగేసి, "గైడుగా వేస్తే అమ్ముడుపోతుంది మాస్టారూ" అన్నాడు. కాంట్రాక్టరుకి ఒక కాపీ మర్యాదగా ముందే ఇచ్చాను. ఆయన కోపగించుకోలేదు సరికదా, తన పని మీద లెక్చరర్ గారు పుస్తకం రాశారని కొత్త పార్టీలకి చూపించుకోవడానికి కలర్ జిరాక్సు తీయించాడు.

చివరికి మా ఆవిడే ఫోన్ తీసుకుంది. మా చెల్లెలి స్నేహితులు ఇద్దరు చేవెళ్ల వైపు పూల్స్ కట్టించుకుంటారట, మాది చూసి మాట్లాడతారట, అని మాత్రం అంది. వానలు తగ్గి నేల ఆరేసరికి పనివాళ్లు, ఈసారి నిజంగా పని తెలిసినవాళ్లు, దిగారు. కీలు పొడుగునా గాడి కొట్టి, కుంచించుకుపోని గ్రౌటు దట్టించి, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేసి, ఆరనిచ్చి, టైల్స్ వేయకముందే వారం పాటు నీళ్లు నింపి చూశారు. లీకు చాలావరకు కట్టింది. డాల్ఫిన్‌కి తోక తోకచోటికి వచ్చింది, తల మాత్రం ఇంకా ఆలోచనలో ఉంది. పడమటి అంచు ఎత్తారు. దాంతో నీళ్లిప్పుడు ఈశాన్యం మూల పొర్లుతున్నాయి. కాంట్రాక్టరు చూసి మురిసిపోయాడు. "వాస్తుకి మంచిది సార్. పైసలు పెట్టినా ఇట్ల కుదరదు."

మొన్న ఆదివారం ఆయనే ఒక పార్టీని వెంటబెట్టుకొచ్చాడు. సాఫ్ట్‌వేర్ దంపతులు, మంచి పిల్లలు. "సార్‌నే అడుగుండ్రి" అని నన్ను ముందుకి తోశాడు. పని ఎలా ఉందంకుల్ అని ఆ అబ్బాయి అడిగాడు. చెప్పవలసినదంతా నోట్‌బుక్కులో తేదీలతో సహా ఉంది, నోట్‌బుక్కు జేబులోనే ఉంది. అమ్మాయి నీళ్ల వైపు చూస్తూ, "చాలా బావుందండీ, మా అక్కావాళ్ల దానికన్నా పెద్దది" అంది.

"బ్రహ్మాండంగా చేశాడమ్మా" అన్నాను.

వాళ్లు కారెక్కుతుంటే మనసాగక, ట్యాంకరతని నంబరు కూడా రాసిచ్చాను.