ఊపిరి లెక్క

నేను మడతలు పెట్టిన కాగితాన్ని. గుండ్రంగా చుట్టి, అంచులకు రబ్బరు కట్టి, గుడియాత్తంలో ఒక చిన్న డీజిల్ సరుకుల బండి నల్లడబ్బాలో నన్ను కూర్చోబెట్టారు. ఎయిర్ ఫిల్టర్ అంటారు. లీటరు డీజిల్ మండాలంటే తక్కువలో తక్కువ 10 వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలంతా నాలోంచే పోవాలి, దుమ్ము మాత్రం నా దగ్గరే ఆగిపోవాలి. నేను పుట్టింది అందుకే.

మా వంశం పాతదే. 1915లో అమెరికాలో ట్రాక్టర్లు అమ్మే ఫ్రాంక్ డొనాల్డ్‌సన్, దుమ్ము మింగి పాడైపోతున్న ఇంజన్లను చూసి గాలిని వడకట్టే సాధనం తయారుచేశాడు. పాత ట్రాక్టర్లలో కనబడే నూనెగిన్నెలు కూడా మావాళ్లే. గాలి వచ్చి నూనెకు తగిలి, దుమ్మును అక్కడే వదిలిపెట్టేది. మా కాగితాలు ఆ తర్వాత వచ్చాయి.

గుడియాత్తం లుంగీల ఊరు. మగ్గాల షెడ్డు ముందు బండి ఆగితే నూలుపీచు తేలివచ్చి నామీద వాలుతుంది. తెల్లగా పైపైనే పేరుకుంటుంది కాబట్టి చూసినవాళ్లకు నా పని అయిపోయిందనిపిస్తుంది. రోడ్డుపక్క రాతిపొడి అట్లా కాదు. కంటికి ఆననంత సన్నగా వచ్చి నా పోగుల మధ్య ఇరుక్కుంటుంది. ఇంజనులోకి జారితే సిలిండరును గరుకుకాగితంలాగా అరగదీసేది అదే. లుంగీల కట్టలు ఎక్కించుకుని కె.వి.కుప్పం, లత్తేరి, కాట్పాడి దాటి, నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ కనబడే పాలారు వంతెన మీదుగా వేలూరు లాంగ్ బజారుకు పోయేటప్పుడు రెండు రకాల దుమ్మూ నాకు అందుతుంది. నా మడతలు చూసి నేను ఎంత మిగిలి ఉన్నానో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నాకు ముందు ఆ డబ్బాలో ఉన్నవాడు కంటిచూపుకే బలయ్యాడు. నల్లబడ్డాడని వారం వారం బయటికి తీసేవారు. టైరుకేసి కొట్టేవారు. పంక్చరు షాపు కంప్రెసర్‌తో బలంగా గాలి కొట్టేవారు. ఆ దెబ్బకు కాగితంలో కనబడని చిరుగులు పడ్డాయి. పైకి శుభ్రంగా కనబడ్డాడు గానీ లోపల దుమ్ముకు దారి ఏర్పడింది. కొన్నాళ్లకు పొగ గొట్టంలోంచి నీలం పొగ మొదలైంది. రింగులు అరిగి ఇంజనాయిలు మండుతోందన్నమాట. ఇంజను విప్పించడానికి మా ఆసామి అప్పు చేశాడు.

ఆ భయంతో నన్ను తొందరగా మార్చేద్దామనుకున్నాడు. అదీ తప్పే. కొత్త కాగితం కన్నా కాస్త దుమ్ము పట్టిన కాగితమే సన్నదుమ్మును బాగా ఆపుతుంది, ఆ దుమ్ముపొరే రెండో జల్లెడ అవుతుంది. డబ్బా మూత తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలివైపు రాలే ప్రమాదం కూడా ఉంది.

నన్ను కాపాడింది మా ఆసామి వాళ్లమ్మ. ఏళ్ల తరబడి అగ్గిపెట్టెల పని చేసిన మనిషి. ఆయాసం ఎక్కువైతే వేలూరు సీఎంసీకి తీసుకుపోయాడు. 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి అది. తిరిగొచ్చాక మెకానిక్‌తో అంటుంటే విన్నాను:

“అమ్మను గొట్టంలో ఊదమన్నారు నా. మొగం చూసి చెప్పలే, ఊపిరి కొలిచి చెప్పినారు. మన బండికి అట్లాంటిది లేదా?”

“ఉండాదప్పా. పెద్ద లారీలకు వస్తాది. నీ బండికీ పెట్టుకోవచ్చు.”

నాకూ ఇంజనుకూ నడుమ ఉన్న పైపుకు చిన్న ఇండికేటరు బిగించారు. నేను మూసుకుపోయేకొద్దీ ఇంజను గాలికోసం గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పు హద్దు దాటితే ఎర్రగీత పైకొచ్చి, మీట నొక్కేదాకా అక్కడే నిలిచిపోతుంది. ఖాళీ బండిని నిలబెట్టి చూస్తే లాభం లేదు. నిండు బరువుతో ఇంజను పూర్తిగా లాగినప్పుడే అది నిజం చెబుతుంది.

ఆ తర్వాత నన్ను ఎవరూ కొట్టలేదు, ఊదలేదు. ఎన్ని నెలలో లెక్కపెట్టలేదు గానీ ఇంత మర్యాదగా బతికిన ఫిల్టర్లు తక్కువే. మొన్న నిండు సరుకుతో పలమనేరు వైపు ఘాట్ ఎక్కుతుంటే బండి బరువుగా లాగింది. గాలి చాలక నల్లపొగ వచ్చింది. పైకెక్కి ఆపి చూస్తే ఎర్రగీత.

మరునాడు గుడియాత్తంలో నన్ను తీశారు. మెకానిక్ ముందుగా తడిగుడ్డతో డబ్బా లోపలంతా తుడిచాడు. కొత్తవాడి రబ్బరు అంచు చుట్టూ వేలితో తడిమి చూశాడు. మా ఆసామి ఇంజనువైపు పైపులోకి చూపుడువేలు పెట్టి రుద్ది, వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. వేలికి దుమ్ము అంటలేదు.